డబ్బాపాలు: సీసా శుద్ధి ఒక్కటే చాలదు

పాలపొడిలోనే సూక్ష్మజీవులకు ఆస్కారం. నీటి వేడే అసలు రక్షణ. తల్లులకు నేర్పే బాధ్యతను చట్టం ఆరోగ్య సిబ్బందిపైనే ఉంచింది

పాలసీసాను పది నిమిషాల పాటు మరిగే నీటిలో ఉంచుతారు. పీకను తిరగేసి కడుగుతారు. చేతులు సబ్బుతో రుద్దుకుంటారు. ఆ తరువాత కాచి చల్లార్చిన గోరువెచ్చని నీటిలో పాలపొడి కలిపి బిడ్డ నోటికి అందిస్తారు. పసిబిడ్డకు డబ్బాపాలు పట్టక తప్పని ఇళ్లలో జాగ్రత్త తెలిసినవారు అనుసరించే పద్ధతి సాధారణంగా ఇదే. ఈ వరుసలో చిట్టచివరి మెట్టు వద్దే ముప్పు పొంచి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే హెచ్చరించింది. సీసా ఎంత శుద్ధిగా ఉన్నా, అందులో పోసే పొడి పూర్తిగా సూక్ష్మజీవరహితం కాదన్నది ఆ హెచ్చరిక సారాంశం.

కర్మాగారంలో సీలు వేసిన డబ్బా కనుక లోపలి పొడి నూటికి నూరుపాళ్లు శుద్ధమైనదన్న నమ్మకం చదువుకున్న కుటుంబాల్లోనూ బలంగా ఉంది. ఈ నమ్మకం వల్ల శ్రద్ధ అంతా సీసా పైకి, పీక పైకి మళ్లుతున్నది. నీటి వేడి, పొడి కొలత, కలిపిన పాలు నిల్వ ఉండే సమయం అనే మూడు అంశాలు వెనుకబడుతున్నాయి. బిడ్డ ప్రాణానికి సంబంధించినంత వరకు ఈ మూడింటి ప్రాధాన్యం సీసా శుద్ధికి ఏమాత్రం తీసిపోదు.

తల్లిపాలకు సాటి రాగల ఆహారం శిశువుకు మరొకటి లేదన్న విషయంలో వైద్యుల్లో భేదాభిప్రాయం లేదు. తొలి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్లయినా పట్టరాదన్నది జాతీయ విధానం. 2019-21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆరు నెలల లోపు శిశువుల్లో కేవలం తల్లిపాలపై పెరుగుతున్నవారు 63.7 శాతం. అంతకుముందు 2015-16లో జరిగిన నాలుగవ సర్వేలో ఇది 54.9 శాతం. పరిస్థితి మెరుగుపడిన మాట వాస్తవమే. అయితే మిగిలిన మూడో వంతుకు పైగా శిశువులకు ఏదో ఒక రూపంలో నీళ్లో, పశువుల పాలో, డబ్బాపాలో అందుతున్నాయన్న విషయాన్ని కూడా ఈ అంకెలే చెబుతున్నాయి. వీరిలో కొందరికి తల్లి లేదు. కొందరి తల్లులు తీవ్ర అనారోగ్యంతో ఉన్నారు. మరికొందరు నెలలు నిండకుండా పుట్టి ఆసుపత్రి సంరక్షణలో గడిపినవారు. తల్లిపాల ఔన్నత్యాన్ని గురించి ఎంత చెప్పినా ఈ బిడ్డల ఆకలి తీరదు. వారికి పట్టే పోతపాలు ప్రమాదరహితంగా ఉండాలంటే ఏమి చేయాలన్నదే ప్రశ్న.

పొడిలో ఏముంది?

పాలను అధిక ఉష్ణోగ్రత వద్ద శుద్ధి చేసినప్పటికీ, వాటిని పొడిగా మార్చే దశలోను, విటమిన్లు ఇతర పదార్థాలు కలిపే దశలోను, డబ్బాలకు ఎక్కించే దశలోను సూక్ష్మజీవులు చేరే అవకాశం ఉంది. వీటిలో క్రోనోబ్యాక్టర్ సకజాకి అనే బ్యాక్టీరియా, సాల్మొనెల్లా ముఖ్యమైనవి. క్రోనోబ్యాక్టర్ ప్రత్యేకత ఏమిటంటే అది నీటి తడి లేని పొడిలో కూడా నెలల తరబడి బతికి ఉండగలదు. పొడిగా ఉన్నంత కాలం దాని సంఖ్య పెరగదు. నీళ్లు తగిలి, గది వేడిమి దొరికిందంటే మాత్రం వేగంగా వృద్ధి చెందుతుంది. ఈ బ్యాక్టీరియా సోకడం అరుదు. అయితే సోకిన పసికందుల్లో రక్తం విషతుల్యం కావడం, మెదడు పొరల వాపు వంటి ప్రాణాంతక పరిస్థితులు తలెత్తుతాయి. బతికి బయటపడిన బిడ్డల్లోనూ కొందరికి మెదడు శాశ్వతంగా దెబ్బతింటుంది.

2001లో అమెరికాలోని టెనెస్సీ రాష్ట్రంలో ఒక ఆసుపత్రి నవజాత శిశువుల విభాగంలో ఈ బ్యాక్టీరియా సోకి ఒక పసికందు మరణించింది. ఆ విభాగంలో వాడిన పాలపొడిలోనే ఈ క్రిమి ఉన్నట్లు దర్యాప్తులో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కలసి 2004లోను, 2006లోను నిపుణుల సమావేశాలు జరిపాయి. పొడిని పూర్తిగా సూక్ష్మజీవరహితంగా తయారు చేయడం ప్రస్తుత పద్ధతుల్లో సాధ్యం కాదు కనుక, కలిపే సమయంలోనే క్రిములను చంపడం మార్గమని ఆ చర్చల్లో తేలింది. దీని ఫలితంగానే 2007లో మార్గదర్శక సూత్రాలు వెలువడ్డాయి.

పెద్ద కర్మాగారాలు సైతం ఈ సమస్యకు అతీతం కాదని 2022లో మరోసారి రుజువైంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం స్టర్జిస్‌లో ఉన్న పాలపొడి కర్మాగారంలో తనిఖీ చేసిన అధికారులకు అక్కడి పరిసరాల్లో క్రోనోబ్యాక్టర్ కనిపించింది. శిశువుల అనారోగ్యానికి ఆ కర్మాగారమే కారణమని నిర్ధారణ కాలేదు. అయినా ఆ ఏడాది ఫిబ్రవరిలో ఉత్పత్తి నిలిచిపోవడంతో అమెరికా అంతటా డబ్బాపాల కొరత ఏర్పడి తల్లిదండ్రులు దుకాణాల చుట్టూ తిరగవలసి వచ్చింది.

డెబ్బై డిగ్రీల సూత్రం

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం సులువైనదే. పొడి కలిపే సమయానికి నీటి వేడి 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. ఆ వేడికి పొడిలో ఉన్న హానికర క్రిములు నశిస్తాయి. గోరువెచ్చని నీరు వాటిని చంపదు సరికదా, పెరగడానికి తోడ్పడుతుంది. ఇంట్లో ఉష్ణమాపకం లేనివారికి కూడా ఒక లెక్క ఉంది. సుమారు లీటరు నీటిని మసలకాగనిచ్చి, దించి, మూత పెట్టి ఉంచాలి. అర గంట లోపల ఆ నీటిని వాడుకోవాలి. నీరు కొద్దిపాటిగా ఉన్నా, మూత తీసి ఉంచినా ఇంకా త్వరగా చల్లారుతుంది కనుక అంత సేపు ఆగరాదు.

ముందుగా సీసాలోకి కొలత ప్రకారం వేడినీరు పోయాలి. ఆ తరువాతే పొడి వేయాలి. పొడి ముందు వేసి నీళ్లు పోస్తే కొలత తప్పుతుంది. డబ్బాలో వచ్చిన చెంచాతోనే కొలవాలి. ఒక కంపెనీ చెంచాను మరో కంపెనీ పొడికి వాడకూడదు. చెంచాలో పొడిని అదిమి కూరరాదు, కుప్పగా తీయరాదు. శుభ్రమైన కత్తి వీపుతో అంచు మట్టానికి సవరించాలి. మూత బిగించి మెల్లగా కదిపి కలిపిన తరువాత, సీసాను చల్లని నీళ్లున్న గిన్నెలో ఉంచిగాని, కుళాయి ధార కింద పట్టిగాని త్వరగా చల్లార్చాలి. ఆ నీటి మట్టం సీసా మూతకు దిగువనే ఉండాలి. మణికట్టు లోపలి వైపున రెండు చుక్కలు వేసుకుని చూస్తే వేడి తెలుస్తుంది. ఈ పరీక్ష చేయకుండా బిడ్డ నోటికి అందిస్తే నోరు కాలే ప్రమాదం ఉంది. సీసాను మైక్రోవేవ్ పొయ్యిలో వేడి చేయరాదు. పైకి చల్లగా అనిపించినా లోపల అక్కడక్కడ పాలు సలసల కాగి ఉంటాయి.

ఇక్కడే తల్లులను తికమకపెట్టే ఒక చిక్కు ఉంది. కొన్ని డబ్బాలపై నీటిని కాచి, గోరువెచ్చగా చల్లార్చి పొడి కలపాలని ముద్రించి ఉంటుంది. వేడి నీటిలో సి విటమిన్ కొంత తగ్గుతుంది. కొన్ని రకాల పొడుల్లో కలిపే మేలుచేసే సూక్ష్మజీవులు 70 డిగ్రీల వేడికి నశిస్తాయి. అయితే హానికర క్రిమి వల్ల కలిగే నష్టం ముందు ఈ నష్టం స్వల్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ వైఖరి. ముఖ్యంగా నెలలు నిండకుండా పుట్టినవారు, పుట్టినప్పుడు రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువున్నవారు, రెండు నెలల లోపు వయసువారు, రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారు ఈ క్రిమికి సులువుగా లోబడతారు. అటువంటి బిడ్డ విషయంలో డబ్బా మీది సూచనకు, ఈ సూత్రానికి మధ్య తేడా కనిపిస్తే తల్లి తనకు తానుగా నిర్ణయించుకోవడం కన్నా శిశువైద్యుని అడిగి తేల్చుకోవడం మేలు. ఇటువంటి బిడ్డలకు వీలైన చోట పొడికి బదులు సూక్ష్మజీవరహితంగా తయారై వచ్చే ద్రవరూప పాలు వాడాలని కూడా సూత్రాలు చెబుతున్నాయి. మన దేశంలో సామాన్యులకు అవి అందుబాటులో లేవనే చెప్పాలి.

రెండు గంటల గడువు

కలిపిన పాలను బిడ్డ వెంటనే తాగాలి. గది వేడిమిలో రెండు గంటలు దాటిన పాలను పారబోయాలి. బిడ్డ తాగగా సీసాలో మిగిలినవి మరోసారికి దాచరాదు. బిడ్డ నోటి నుంచి చేరిన క్రిములకు తియ్యని పాలు మంచి ఆహారం. ఖరీదు పెట్టి కొన్న పాలు పారబోయడానికి ఏ తల్లికైనా మనసొప్పదు. అందుకే ఒకేసారి ఎక్కువ కలపకుండా బిడ్డ తాగే మేరకే కలుపుకోవాలి. రోహిణి కార్తె ఎండల్లో పాదరసం 45 డిగ్రీలను తాకే మన ప్రాంతాల్లో రెండు గంటల గడువునైనా పూర్తిగా వాడుకోకపోవడమే క్షేమం.

ముందుగా కలిపి ఉంచక తప్పనప్పుడు వెంటనే చల్లార్చి, 5 డిగ్రీలకు మించని రిఫ్రిజిరేటరులో పెట్టి, 24 గంటల లోపల వాడాలి. గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లలో ఈ పద్ధతిని నమ్ముకోవడానికి లేదు. రాత్రివేళ, బస్సు రైలు ప్రయాణాల్లో పాలు కలిపి తీసుకువెళ్లడం కన్నా, మసలకాగిన నీటిని మంచి ఫ్లాస్కులో పోసుకుని, కొలిచిన పొడిని శుభ్రమైన పొడి డబ్బాలో విడిగా పెట్టుకుని, అవసరమైనప్పుడు కలపడం మంచిది. అప్పటికి ఫ్లాస్కులోని నీరు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలన్నది మరువరాదు.

సీసా, పీక శుద్ధి

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి సీసా శుద్ధి అనవసరమని భావించరాదు. పాల జిడ్డు అంటుకున్న సీసా గొంతు, మూత మర, పీక రంధ్రం క్రిములకు స్థావరాలు. తాగడం పూర్తికాగానే సీసాను విడదీసి చల్లని నీటితో తొలచి, ఆ తరువాత సబ్బు కలిపిన వేడినీటిలో, ఇందుకు మాత్రమే వాడే బ్రష్షుతో లోపల, బయట రుద్ది కడగాలి. పీకను తిరగేసి రుద్ది, రంధ్రం గుండా నీటిని పిండాలి. సబ్బు పోయేదాకా శుభ్రమైన నీటితో కడగాలి. కడగకుండా మరిగించడం వల్ల ప్రయోజనం లేదు. జిడ్డు పొర మాటున క్రిములు బతికే ఉంటాయి.

కడిగిన భాగాలన్నీ పెద్ద గిన్నెలో నీటి మట్టానికి దిగువన పూర్తిగా మునగాలి. సీసాలో గాలి బుడగలు మిగలకూడదు. మూత పెట్టి, నీరు మసలకాగడం మొదలైనప్పటి నుంచి పది నిమిషాలు ఉంచాలి. వాడేదాకా మూత తీయకపోవడం ఉత్తమం. బయటకు తీసేటప్పుడు చేతులు సబ్బుతో కడుక్కుని, మరిగించిన పటకారతో తీయాలి. గుడ్డతో తుడవరాదు. శుద్ధి అయిన సీసాను వంటగదిలోని తువ్వాలుతో తుడిస్తే పడిన శ్రమంతా వృథా అవుతుంది. విద్యుత్తుతో పనిచేసే ఆవిరి యంత్రాలు కూడా మంచివే. అయితే అవి చేసే పని మూత ఉన్న గిన్నె చేయలేనిదేమీ కాదు. యంత్రం కొనలేకపోయామన్న బెంగ అక్కరలేదు.

సీసా ఎంపికలోనూ కొంత జాగ్రత్త అవసరం. ప్లాస్టిక్ సీసాలకు భారత ప్రమాణాల సంస్థ నిర్ణయించిన ప్రమాణం ఐ.ఎస్. 14625. బిస్‌ఫినాల్-ఎ అనే రసాయనం ఈ సీసాల్లో ఉండరాదని 2015లో సవరించిన ప్రమాణం స్పష్టం చేసింది. వేడినీరు తగిలినప్పుడు పాలీప్రొపిలీన్ సీసాల నుంచి కంటికి కనిపించని ప్లాస్టిక్ రేణువులు లక్షల సంఖ్యలో పాలల్లో చేరుతున్నట్లు ఐర్లండ్‌లోని ట్రినిటీ కళాశాల పరిశోధకులు 2020లో వెల్లడించారు. వీటి వల్ల ఆరోగ్యానికి కలిగే హాని ఎంతన్నది ఇంకా తేలవలసి ఉంది. గాజు లేదా స్టీలు పాత్రలో వేడినీటితో పాలు కలిపి, చల్లారాక సీసాలోకి ఒంపుకుంటే అటు క్రిముల భయం, ఇటు ప్లాస్టిక్ భయం రెండూ తగ్గుతాయి. ఆ పాత్రను కూడా సీసాతో పాటే మరిగించాలి. గీతలు పడిన, రంగు మారిన సీసాలను, చీలిన పీకలను వాడరాదు.

కాచినా పోని దోషం

నీటిని కాస్తే సర్వదోషాలు పోతాయన్న నమ్మకం కూడా సరికాదు. కాచడం వల్ల క్రిములు చస్తాయి. నీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడు, నైట్రేటు వంటివి పోవు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ అవి మరింత చిక్కబడతాయి. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఉండవచ్చునని, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాములకు మించరాదని భారత ప్రమాణం చెబుతున్నది. నైట్రేటుకు పరిమితి 45 మిల్లీగ్రాములు. నైట్రేటు మోతాదు మించిన నీటితో పాలు కలిపితే పసికందు రక్తానికి ప్రాణవాయువును మోసుకుపోయే శక్తి తగ్గి శరీరం నీలివర్ణానికి తిరిగే ప్రమాదం ఉంది.

తెలుగు ప్రాంతాలకు ఈ విషయం కొత్త కాదు. ఫ్లోరైడు వ్యాధిని గురించి దేశంలో తొలి శాస్త్రీయ వివరణ 1937లో వెలువడింది నాటి నెల్లూరు జిల్లా గ్రామాల నుంచే. నల్గొండ జిల్లా పేరు ఈ వ్యాధికి దేశమంతటా పర్యాయపదమైంది. తల్లి తాగిన నీటిలోని ఫ్లోరైడు ఆమె పాలలోకి చేరేది అత్యల్పం. అదే నీటితో కలిపిన డబ్బాపాలలో ఫ్లోరైడు యథాతథంగా బిడ్డ కడుపులోకి వెళుతుంది. బోరుబావి నీటిపై ఆధారపడిన గ్రామాల్లో పోతపాలు పట్టేవారు నీటిని పరీక్ష చేయించుకోవడం, సురక్షిత పథకం నీటిని లేదా శుద్ధియంత్రం నీటిని వాడటం అవసరం. శుద్ధియంత్రం నీరైనా, కొన్న సీసా నీరైనా మళ్లీ కాచవలసిందే. అవి సూక్ష్మజీవరహితం కావు.

పల్చబడే పాలు

ఇక ఆర్థికాంశం. మూడు, నాలుగు నెలల వయసున్న ఆరు కిలోల బిడ్డకు రోజుకు కిలో బరువుకు 150 మిల్లీలీటర్ల చొప్పున 900 మిల్లీలీటర్ల పాలు కావాలి. సాధారణంగా 30 మిల్లీలీటర్ల నీటికి ఒక చెంచా పొడి. అంటే రోజుకు 30 చెంచాలు. చెంచా నాలుగున్నర గ్రాములనుకుంటే రోజుకు 135 గ్రాములు. ఈ లెక్కన 400 గ్రాముల పెట్టె మూడు రోజులకు సరిపోదు. నెలకు పది పెట్టెలు కావాలి. ఒక్కో పెట్టె ఖరీదు వందల రూపాయల్లో ఉండగా, నెల ఖర్చు వేల రూపాయలకు చేరుతుంది. దీనికి గ్యాసు ఖర్చు అదనం. రోజుకు ఏడు మార్లు పాలు పట్టినా ఆరు నెలల్లో సుమారు 1,260 సార్లు నీరు కాచి, కొలిచి, కడగవలసి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పాలసీసాలపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. అయితే కుటుంబంపై అసలు భారం సీసాది కాదు, పొడిది.

కూలి డబ్బులతో బతికే ఇంట్లో ఈ భారం పడినప్పుడు జరిగేది ఊహించడం కష్టం కాదు. పెట్టె మూడు రోజులకు బదులు వారం రోజులు వచ్చేలా చెంచాలు తగ్గుతాయి. పాలు తెల్లగానే కనిపిస్తాయి. బిడ్డ కడుపు నిండినట్లే ఉంటుంది. బరువు మాత్రం పెరగదు. నీరు అధికమై రక్తంలో లవణాలు పడిపోతే మూర్ఛలు సైతం రావచ్చు. బిడ్డ బొద్దుగా కావాలన్న ఆశతో కొలతకు మించి పొడి వేయడం కూడా ప్రమాదకరమే. లవణాలు ఎక్కువై బిడ్డ మూత్రపిండాలపై భారం పడుతుంది. బియ్యం గంజితోనో, పంచదారతోనో కొలత సరిచేయడం పరిష్కారం కాదు. డబ్బా కొనే స్తోమత లేదని సంకోచం లేకుండా వైద్యునికో, ఆశా కార్యకర్తకో చెప్పడమే బిడ్డకు మేలు చేస్తుంది. తగ్గిపోయిన తల్లిపాలను తిరిగి పెంచే ఉపాయాలు ఉన్నాయి. ముంబైలోని సయాన్ ఆసుపత్రిలో 1989లో దేశంలోనే తొలి తల్లిపాల బ్యాంకు మొదలైంది. హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిలోనూ ఈ సదుపాయం ఉంది.

చట్టం చెప్పినదేమిటి?

డబ్బాపాల వ్యాపారం ప్రపంచంలో ఏటా 5,500 కోట్ల డాలర్లదని 2023లో లాన్సెట్ వైద్య పత్రిక పేర్కొన్నది. ఈ వ్యాపారానికి కళ్లెం వేసేందుకు 1981 మే నెలలో జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సభ అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. 118 దేశాలు అనుకూలంగా ఓటు చేయగా అమెరికా ఒక్కటే వ్యతిరేకించింది. మూడు దేశాలు తటస్థంగా ఉన్నాయి. మన దేశంలో పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్న కాలంలో, 1992లో ఇందుకోసం ప్రత్యేక చట్టం వచ్చింది. అది 1993 ఆగస్టు 1 నుంచి అమలులోకి వచ్చింది. 2003లో దాన్ని మరింత కఠినం చేశారు. నేపాల్ 1992లో, పాకిస్తాన్ 2002లో, బంగ్లాదేశ్ 2013లో ఇటువంటి చట్టాలు చేశాయి.

ఈ చట్టం ప్రకారం శిశువుల పాలపొడికి, పాలసీసాలకు ప్రకటనలు నిషిద్ధం. ఉచిత నమూనాలు, కానుకలు ఇవ్వరాదు. డబ్బాపై తల్లి బొమ్మగాని, బిడ్డ బొమ్మగాని ఉండరాదు. తల్లిపాలే బిడ్డకు శ్రేష్ఠమన్న వాక్యం స్పష్టంగా ఉండాలి. తయారీ విధానం, తప్పుగా కలిపితే వచ్చే ప్రమాదం కూడా ముద్రించాలి. ఇవన్నీ చాలామందికి తెలిసినవే. అంతగా ప్రచారంలోకి రాని నిబంధన మరొకటి ఉంది. డబ్బాపాలు పట్టే విధానాన్ని తల్లికిగాని, కుటుంబ సభ్యులకుగాని ఆరోగ్య సిబ్బంది తప్ప వేరెవరూ చూపరాదు. అలా చూపే సిబ్బంది, సరిగా వాడకపోతే కలిగే ప్రమాదాలను కూడా విధిగా వివరించాలి.

కంపెనీ ప్రతినిధి తల్లి మంచం దాకా రాకుండా ఆపడం ఈ నిబంధన ఉద్దేశం. ఆ మేరకు అది సత్ఫలితాన్నే ఇచ్చింది. అయితే నేర్పే పని నుంచి కంపెనీని తప్పించిన చట్టం ఆ పనిని ఎవరికి అప్పగించిందో వారు దాన్ని నెరవేర్చినప్పుడే ఉద్దేశం సంపూర్ణమవుతుంది. కిక్కిరిసిన ప్రసూతి వార్డులో డబ్బా పేరు చీటీపై రాసి ఇవ్వడానికి నిమిషం పట్టదు. కలిపే విధానం చేసి చూపడానికి అర గంట కావాలి. డబ్బాపాలను గురించి మాట్లాడితే తల్లిపాల ప్రచారానికి భంగమన్న సంకోచం కూడా కొందరిలో లేకపోలేదు. ఫలితంగా ఆ డబ్బా అవసరమైన తల్లి చివరకు మందుల దుకాణందారు మాటపైనో, పొరుగింటి అనుభవంపైనో ఆధారపడవలసి వస్తున్నది.

ఉగ్గుగిన్నెకు పునర్వైభవం

సీసానే తప్పనిసరి అనుకోవడం కూడా పొరపాటే. సన్నని గొంతు, మర, రంధ్రం లేని పాత్రను శుభ్రం చేయడం ఎంతో తేలిక. అందుకే పోతపాలు పట్టవలసి వచ్చినా సీసాకు బదులు చిన్న గిన్నె, చెంచా వాడాలని శిశువైద్యులు చాలాకాలంగా సలహా ఇస్తున్నారు. మన పెద్దలు వాడిన ముక్కు ఉన్న ఉగ్గుగిన్నె సరిగ్గా ఇటువంటిదే. తమిళనాట పాలాడై అని పిలిచే ఇదే పాత్రను నెలలు నిండని శిశువులకు పాలు పట్టేందుకు దేశంలోని ఆసుపత్రులు నేటికీ వాడుతున్నాయి. స్టీలు లేదా వెండి ఉగ్గుగిన్నెను లోపలి మూలల దాకా కంటితో చూసి కడగవచ్చు. ఇతర పాత్రలతో పాటే మరిగించవచ్చు. సీసా పీకకు అలవాటు పడిన బిడ్డ తల్లి రొమ్మును నిరాకరించే ఇబ్బంది కూడా దీనివల్ల తప్పుతుంది. బిడ్డను నిటారుగా ఒడిలో కూర్చోబెట్టుకుని, గిన్నె అంచును కింది పెదవికి ఆనించి, బిడ్డ మింగే వేగాన్ని బట్టి కొద్దికొద్దిగా అందించాలి. గొంతులో పోయరాదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి బయలుదేరే ముందు, డబ్బాపాలు రాసి ఇచ్చిన వైద్యుని గాని, నర్సును గాని ప్రతి తల్లీ నాలుగు ప్రశ్నలు అడగడం మంచిది. నా బిడ్డకు ఈ పాలు నిజంగా అవసరమా, ఎంతకాలం? ఏ వేడి నీటిలో కలపాలి? బిడ్డ బరువుకు ఎన్ని చెంచాలు? మా ఊరి నీరు ఇందుకు పనికి వస్తుందా? వీటికి జవాబు పొందడం తల్లి హక్కు. ఒక్కసారి తన కళ్ల ఎదుట కలిపి చూపమని కోరడం కూడా ఆమె హక్కే. వీలైతే బిడ్డ అమ్మమ్మనో, నాయనమ్మనో ఆ సమయంలో పక్కన ఉంచుకోవాలి. అర్ధరాత్రి ఏడ్చే బిడ్డకు పాలు కలిపే చేతులు చాలా ఇళ్లలో వారివే.